ఎంత పదును చాలు?

సేఫ్టీ రేజరు అనే మాటని ఎప్పుడైనా నిదానంగా, విడదీసి అనుకుని చూశారా? రేజరంటే కత్తి. సేఫ్టీ అంటే భద్రత. భద్రమైన కత్తి! తడపని నీళ్ళు, కాల్చని నిప్పు అన్నట్టు లేదూ? కోయకపోతే అది కత్తి ఎలా అవుతుంది? కోసేదే అయితే భద్రం ఎలా అవుతుంది? ఇంత చిక్కుప్రశ్నని మన మగవాళ్ళు రోజూ పొద్దున్నే చెంపకి ఆనించుకుంటూ కూడా, దాన్ని గురించి ఒక్కనాడూ ఆలోచించినట్టు కనపడరు. ఆలోచిస్తే తెగుతుందని భయం కాబోలు!

ఆడవాళ్ళం, మనకెందుకండీ ఈ గొడవ అంటారేమో. నిజమే. ఇంట్లో మనం సాధారణంగా ముట్టుకోని వస్తువేదైనా ఉందంటే అది మగవాళ్ళ షేవింగ్ సెట్టే. పెట్టె మీద దుమ్ము దులుపుతాం. వాష్ బేసిన్లో అంటుకున్న నురగ కడుగుతాం. అద్దం మీద చుక్కలు తుడుస్తాం. లోపల ఏముందో, ఏది దేనికో మాత్రం అడగం. కానీ ఆ సెట్టు కొనిపెట్టే పని ఒక తల్లి మీద పడితే? ఏది కొనాలో అడగడానికి ఇంట్లో మగమనిషి లేకపోతే?

మా చెల్లెలికి అలాంటి పరిస్థితే వచ్చింది. 2021లో ఆమె భర్త పోయాడు. ఆ ఏడాది ఎన్ని ఇళ్ళల్లో ఏం జరిగిందో మీకు నేను చెప్పక్కర్లేదు. అప్పటికి పిల్లవాడింకా హైస్కూల్లో ఉన్నాడు. పెదవి మీద నూగు కూడా సరిగా రాలేదు. ఇప్పుడు ఇంజినీరింగు కాలేజీలో సీటొచ్చి హాస్టలుకి వెళ్ళబోతున్నాడు.

"అక్కా, ఒక మాటడుగుతాను, నవ్వకూడదు. వీడికి గడ్డం గీసుకునే సామాను కొనాలి. ఏం కొనాలో బావగారిని అడిగి చెప్పు" అంది ఫోన్లో.

మా వారిని అడిగాను. "బజార్లో దొరికేదేదో కొనమనవోయ్. గడ్డానికింత గ్రంథమెందుకు?" అని పేపర్లో తల దూర్చేశారు.

గ్రంథం ఎందుకంటే, పిల్లవాడు ఒక పేచీ పెట్టాడు. వాడికి ట్రిమ్మరు వద్దట. తల ఊగే రెండు మూడు బ్లేళ్ళ ప్లాస్టిక్ రేజరూ వద్దట. రెండంచుల బ్లేడు బిగించుకునే పాతరకం ఇనుప రేజరే కావాలట. వాళ్ళ నాన్న వాడింది అలాంటిదే. అది ఇప్పటికీ బీరువాలో చీరల వెనక ఉంది. మా చెల్లెలికేమో ఆ బ్లేడు పేరెత్తితేనే గుండె దడ. "ట్రిమ్మరు కొంటే రక్తమన్నదే ఉండదు కదక్కా. ఈ ఇంట్లో ఇంక ఎవరికీ ఏమీ కాకూడదు" అంది.

ఆ మాటకి నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. భయపడ్డ మనిషితో వాదన పెట్టుకోకూడదు. అయినా ఆ మాటలో ఒక ప్రశ్న ఉంది. మనం ప్రేమించేవాళ్ళ చేతికి పదునైన వస్తువు ఇవ్వాల్సి వచ్చినప్పుడు, ఎంత పదును ఇవ్వాలి? ఎంత దాచాలి? దాచడం ప్రేమా, ఇవ్వడం ప్రేమా? ఇది ఒక్క రేజరుకే చెందిన ప్రశ్న కాదని మీకు అప్పుడే తెలిసిపోయి ఉంటుంది. కానీ రేజరు దగ్గరే ఉండి ఆలోచిద్దాం. పెద్ద ప్రశ్నలు చిన్న వస్తువు దగ్గర కాస్త లొంగుతాయి.

నేను చదివింది బి.ఏ. యంత్రాల సంగతి నాకు రాదు. అయినా నవలలు రాసేదాన్ని కనక, తెలియని విషయం తెలుసుకోవడంలో సిగ్గుపడే అలవాటు లేదు. చదివాను, అడిగాను, షాపుల్లో నిలబడి విప్పి చూపించమన్నాను. సేల్స్ కుర్రాళ్ళు వింతగా చూశారు, చూడనీండి.

పూర్వం గడ్డం అంటే మంగలి కత్తే. అది చేయి తిరిగినవాళ్ళ పని. తన గడ్డం తాను గీసుకోవడానికి మామూలు మనిషి జంకేవాడు. ఫ్రాన్సులో జాన్ జాక్ పెరే అనే కత్తుల పనివాడు 1769లో ఒక పుస్తకం అచ్చు వేయించాడు. ఎవరి గడ్డం వాళ్ళు గీసుకోవడం నేర్చుకునే విద్య అని దాని పేరుకి అర్థం. వడ్రంగి చిత్రిక పట్టే పనిముట్టుని చూసి ఆయనకి ఒక ఊహ తోచింది. అందులో ఉలి అంచు చెక్కలోంచి రవ్వంతే బయటికి వస్తుంది కదా, కత్తికి కూడా అలాగే చెక్క తొడుగు వేసి, అంచు కాస్త మాత్రమే బయటికి వచ్చేట్టు చేస్తే? అదీ మొదలు. 1880లో న్యూయార్కులో కాంఫ్ అన్నదమ్ములు కర్రకి పార అడ్డంగా బిగించినట్టు, పిడికి అడ్డంగా కత్తి బిగించి, ముందు చిన్న కంచె పెట్టి పేటెంటు తీసుకున్నారు. ఆ తర్వాత కింగ్ క్యాంప్ జిలెట్ వచ్చాడు. నికర్‌సన్ అనే ఇంజినీరు సాయంతో పల్చని ఉక్కు రేకుకి పదును పెట్టించి, మొద్దుబారితే పారేసి ఇంకోటి వేసుకునే బ్లేడు తెచ్చాడు. 1904లో పేటెంటు చేతికొచ్చింది. 1903లో మొత్తం అమ్మినవి 51 రేజర్లు, 168 బ్లేళ్ళు. మరుసటి ఏడు రేజర్ల సంఖ్య 90 వేలు దాటింది.

ఈ చరిత్రంతా ఎందుకు చెబుతున్నానంటే, ఇందులో ఎవరూ కత్తిని మొద్దు చేయలేదు, గమనించారా? మనిషి మీద దయతో పదును తగ్గించాలని ఎవరూ అనుకోలేదు. పదును పదునుగానే ఉంచారు. అది బయటికి ఎంత రావాలన్నదే ఆలోచించారు. సేఫ్టీ అంతా ఆ 'ఎంత'లోనే ఉంది.

ఇప్పుడు దొరికే రెండంచుల రేజరు విప్పితే చాలావాటిల్లో మూడే ముక్కలు. పిడి, కింది పళ్ళెం, పై మూత. పళ్ళేనికీ మూతకీ నడుమ బ్లేడు కొంచెం వంగి కూర్చుంటుంది. పిడి తిప్పితే తలుపుల్లా తెరుచుకునే రకం కూడా ఉంది. అందులో బ్లేడు వేయడం సులువు, దీన్ని కడగడం సులువు. ఏదైనా బ్లేడుని పదునులేని రెండు పొట్టి వైపులా పట్టుకోవాలి, అంతే. బ్లేడు అంచు ఎంత బయటికి ఉంది, దానికీ కింది కంచెకీ మధ్య సందు ఎంత ఉంది, ఈ రెండింటిని బట్టి అది మెత్తని రేజరా, దూకుడు రేజరా అని తేలుతుంది. తేడా అంతా మిల్లీమీటరులో ఏ కొద్ది భాగమో. ఆ కొద్దిలోనే చెంప ఉంది! కొత్తవాళ్ళకి జర్మనీలోని సోలింగెన్‌లో తయారయ్యే మెర్కుర్ రకమో, ఇంగ్లండు వాళ్ళ ఎడ్విన్ జాగర్ రకమో మంచిదని అనుభవజ్ఞులు చెబుతూ ఉంటారు. అంత దూరం పోకపోయినా, మన దేశంలో తయారైనవి తక్కువ ధరకి దొరుకుతాయి. కంచె నున్నగా, సందు తక్కువగా ఉన్నది చూసుకుంటే చాలు.

అయితే ఇక్కడే ఒక తమాషా ఉంది. కొత్తవాడు కదా అని మరీ మెత్తని రేజరు ఇచ్చారనుకోండి, అది వెంట్రుకని సగం సగం కోసి వదిలేస్తుంది. అప్పుడు కుర్రవాడేం చేస్తాడు? గట్టిగా నొక్కుతాడు. తెగలేదని మళ్ళీ అక్కడే గీస్తాడు. మళ్ళీ నొక్కుతాడు. చివరికి చర్మం ఎర్రగా కందిపోయి, పొక్కులు లేస్తాయి. బ్లేడు కూడా అంతే. మొద్దు బ్లేడుతోనే ఎక్కువ గాట్లు పడతాయి. మనకి తెలియదా, మొద్దు కత్తితో టమాటా కోస్తే ఏమవుతుందో? పదునైన కత్తికి చేతి బలం అక్కర్లేదు. మొద్దు కత్తి మనచేత బలం పెట్టిస్తుంది, జారిందంటే ఆ బలమంతా వేలి మీదికి వస్తుంది. అలాగని మొదటిరోజే జపాను వాళ్ళ ఫెదర్ బ్లేడు లాంటి మహా పదునుది కూడా వద్దంటారు తెలిసినవాళ్ళు. మధ్యస్థంగా ఉండే బ్లేడు పాకెట్టు ఒకటి కొని, దాంతోనే కొన్నాళ్ళు చేయి అలవాటు చేసుకోవాలి. రోజుకో బ్లేడు, రోజుకో సబ్బు మారిస్తే తప్పెక్కడుందో తెలియదు. కొత్త బియ్యం, కొత్త గిన్నె, కొత్త స్టవ్వు ఒకేరోజు పెట్టుకుని అన్నం మెత్తబడితే దేన్నంటాం చెప్పండి?

అతి జాగ్రత్తగా ఎంచిన వస్తువే చేతిని మొరటు చేస్తుందన్న సంగతి నన్ను చాలాసేపు ఆలోచింపజేసింది. పిల్లల్ని అన్నిటి నుంచీ కాపాడాలని చూసే ఇళ్ళల్లో కూడా ఇదే జరుగుతుంది కాబోలు. ఏ పనీ పూర్తిగా చేయనివ్వం. సగంలో మనమే అందుకుంటాం. వాళ్ళు విసుగెత్తి ఏదో ఒకనాడు బలం పెట్టి నొక్కుతారు. గాయం అయ్యాక, చూశావా నేను చెప్పలేదూ అంటాం.

దీనికి ఎదురు వాదన కూడా నాకు తెలుసు. మనకెవరు సేఫ్టీ చూపించారండీ? పదేళ్ళు నిండకుండానే కత్తిపీట ముందు కూర్చోబెట్టారు. దానికి కంచె లేదు, మూత లేదు. "వేళ్ళు జాగ్రత్త" అన్న ఒక్కమాటే మన రక్షణ. ఆడపిల్లకి కత్తిపీట ఇవ్వడానికి ఎవరూ ఇంత ఆలోచించలేదు, మగపిల్లవాడి రేజరుకి ఇంత మీమాంసా అని మీలో కొందరికి ఒళ్ళు మండవచ్చు. మండాలి కూడా. నేర్చుకునే హక్కు, నేర్చుకునేటప్పుడు తప్పు చేసే హక్కు మన ఇళ్ళల్లో అందరికీ సమానంగా ఎప్పుడూ లేదు. వేలు తెగితే పసుపు అద్ది, మిగతా కూర తరగమనేవాళ్ళు.

కానీ ఇంకాస్త జ్ఞాపకం చేసుకోండి. మొదటిరోజే మన చేతికి గుమ్మడికాయ ఇచ్చారా? కంద ఇచ్చారా? లేదు. బెండకాయలు ఇచ్చారు. బెండకాయ మెత్తన, సన్నన, ఎదురు తిరగదు. తర్వాత వంకాయలు, ఆ తర్వాత ఆలుగడ్డలు. గుమ్మడికాయ దగ్గరికి వచ్చేసరికి చేయి గట్టిపడింది. మా అమ్మ ఎప్పుడూ కత్తిపీట పదును తగ్గించలేదు. కూర మార్చేది. ఎవరూ పాఠమని చెప్పకపోయినా అది గొప్ప పాఠం. కొత్తవాళ్ళకి పనిముట్టు మొద్దుది ఇవ్వకూడదు, పని చిన్నది ఇవ్వాలి.

రేజరు విషయంలోనూ ఇదే పనికొస్తుంది. మొదటివారం చెంపలు మాత్రమే గీసుకోవాలి. చెంప బెండకాయ లాంటిది, చదునుగా ఉంటుంది. చుబుకం, ముక్కు కింద, మెడ, ఇవి గుమ్మడికాయలు. వాటిని కొన్నాళ్ళు ఏ ట్రిమ్మరుకో, మామూలు ప్లాస్టిక్ రేజరుకో వదిలేయొచ్చు. బ్లేడు చర్మానికి సుమారు 30 డిగ్రీల వాలులో ఉండాలి. నొక్కకూడదు, రేజరు బరువే చాలు. వెంట్రుక ఏవైపు వాలి ఉందో ఆ వైపుకే గీయాలి. ఎదురు గీయడం నేర్పరులకి, అదీ ఓపిక ఉంటేనే.

వెంట్రుక ఏవైపు వాలి ఉందో ఎలా తెలియాలి? ఇది తండ్రి చూపించే విషయం. పుస్తకం చదివి మా చెల్లెలు చెప్పగలిగేది కాదు. అప్పుడు నాకొక ఆలోచన వచ్చింది. మా మరిది ఏళ్ళ తరబడి క్రాపు చేయించుకున్న సెలూన్ వాళ్ళ వీధి చివరే ఉంది. "వాణ్ణి అక్కడికి తీసుకెళ్ళు, ఆ రేజరు కూడా పట్టుకెళ్ళు" అన్నాను. వెళ్ళారు. ఆ పెద్దాయన రేజరు విప్పి వెలుతురుకి పట్టి చూసి, "ఇది ముదురు గడ్డానికమ్మా. సారు గడ్డం దర్భపోచల్లే ఉండేది. బాబుకిప్పుడే వద్దు" అన్నాడట. తర్వాత పిల్లవాణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి, చెంప మీద వేలు పైనుంచి కిందికి రాసి, మెడ దగ్గర కిందనుంచి పైకి రాసి, "ఇక్కడ ఇటు, ఇక్కడ అటు. వాళ్ళ నాన్నకీ మెడ మీద ఇట్లాగే సుడి ఉండేది" అన్నాడట. ఆ మాట చెప్పేటప్పుడు మా చెల్లెలి గొంతు మారింది. ఆ సుడి సంగతి ఆమెకి అంతవరకూ తెలియదు.

మరి నాన్న రేజరే ఎందుకు వాడకూడదు అని పిల్లవాడు అడిగాడు. న్యాయమైన ప్రశ్న. ఈ బ్లేళ్ళ కొలతలో గొప్ప సుగుణం ఉంది. దాదాపు 90 ఏళ్ళుగా ఆ నడిమి చీలిక, ఆ చివరలు అలాగే ఉన్నాయి. తాతగారి రేజరులో కూడా ఇవాళ కిరాణా కొట్లో కొన్న బ్లేడు సరిగ్గా కూర్చుంటుంది. వేడినీళ్ళలో శుభ్రంగా కడిగి కొత్త బ్లేడు వేసుకుంటే తండ్రి రేజరు కొడుక్కి నిక్షేపంగా పనికొస్తుంది. అయినా నేను వద్దనే చెప్పాను. తండ్రి వస్తువు తండ్రి గడ్డానికి ఎంచుకున్నది. దాన్ని అందుకోవాలంటే ముందు మనకంటూ ఒక చేయి తయారవ్వాలి. మొదటిరోజే ఆ బరువు పెడితే, గాటు పడ్డప్పుడల్లా నాన్నలా చేయలేకపోయానన్న దిగులు కూడా పడుతుంది. బీరువాలో ఉన్నది ఎక్కడికీ పోదు.

ఇంక మిగతా సామాను. ఇక్కడ బజారు మనల్ని పట్టుకుంటుంది చూడండి! బ్రష్షుల్లోనే ఎన్ని రకాలో. బ్యాడ్జర్ అనే జంతువు వెంట్రుకలది ఒకటి, ఖరీదు ఎక్కువ. పంది వెంట్రుకలది ఒకటి, ముందుగా నీళ్ళలో నానబెట్టాలి. మడి కట్టుకునే మా అమ్మమ్మ ఈ సంగతి వినుంటే తాతగారిని పెరట్లోకి తరిమేసేది! నైలాను జాతివి ఇప్పుడు మెత్తగా వస్తున్నాయి, నానబెట్టక్కర్లేదు, త్వరగా ఆరతాయి. హాస్టలు గదికి అవే మేలు. గిన్నెలు, స్టాండ్లు, ముందు రాసుకునే నూనె, తర్వాత రాసుకునే ద్రవం, ఇవన్నీ కొంటే గడ్డం బాగా వస్తుందనుకోవడం, ఖరీదైన వీణ కొంటే రాగం దానంతటదే పలుకుతుందనుకోవడం లాంటిది. ఒక మెత్తని రేజరు, ఒక పాకెట్టు బ్లేళ్ళు, ఒక బ్రష్షు, ఒక క్రీము ట్యూబో సబ్బో, చిన్న పటిక ముక్క. అయిపోయింది. వీటన్నిటికంటే ముఖ్యమైనది వేడినీళ్ళు, అది ఏ కంపెనీదీ కాదు. వెంట్రుక నీళ్ళు పీల్చుకుంటే మెత్తబడి సులువుగా తెగుతుంది. అందుకే స్నానం చేశాక గీసుకోమంటారు.

పటిక గురించి ఒక్కమాట. మన ఇళ్ళల్లో ఎప్పుడూ ఉండేదే. గీసుకున్నాక తడి ముఖానికి రుద్దితే, ఎక్కడ ఎక్కువ నొక్కామో అక్కడ చురుక్కుమంటుంది. నెమ్మదిగా గీసిన చోట ఊరుకుంటుంది. నీకింకా ఇక్కడ చేయి కుదరలేదు సుమా అని, ఎవరి ముందూ పరువు తీయకుండా చెబుతుంది. ఇంత మంచి గురువు ఎన్ని బళ్ళలో దొరుకుతాడు?

ఎవరికోసం కొంటున్నామో వాళ్ళ బతుకు చూడకుండా కొంటే ఏమవుతుందో చెప్పే కథ ఒకటుంది. జిలెట్ కంపెనీ మన దేశం కోసం 2002లో వెక్టర్ అనే రేజరు తెచ్చింది. మనవాళ్ళ గడ్డం ఒత్తు, రోజూ గీయరు, వెంట్రుకలు ఇరుక్కుంటాయి అని తెలిసి, వాటిని తోసేయడానికి ఏర్పాటు పెట్టింది. పరీక్ష మాత్రం అమెరికాలో ఎం.ఐ.టి.లో చదువుకునే మన కుర్రాళ్ళ మీద చేసింది. వాళ్ళంతా భేష్ అన్నారు. ఇక్కడికొచ్చేసరికి అది సరిగా పనిచేయలేదు. ఎందుకంటే అక్కడి కుర్రాళ్ళకి ధారగా కుళాయి నీళ్ళున్నాయి. ఇక్కడ కోట్లమంది ఒక కప్పులో నీళ్ళు పెట్టుకుని గడ్డం గీసుకుంటారు. కప్పులో ముంచితే ఆ ఇరుక్కున్నది రాలేదు. తర్వాత కంపెనీ వాళ్ళు ఇక్కడి ఇళ్ళల్లో కూర్చుని, మనవాళ్ళు గీసుకోవడం చూసి, 2010లో గార్డ్ అనే ఒకే బ్లేడు రేజరు 15 రూపాయలకి తెచ్చారు. అది నిలిచింది. మనిషి తెలివి తక్కువై కాదు, ఎదుటివాడి కప్పు చూడక పొరపాటు. పిల్లవాడి హాస్టల్లో కుళాయికి నీళ్ళు ఎన్నింటికి వస్తాయో కనుక్కోమని మా చెల్లెలికి చెప్పాను. బక్కెట్టూ మగ్గే అని తేలింది. రెండంచుల రేజరు మగ్గులో రెండుసార్లు ఆడిస్తే శుభ్రమవుతుంది. ఆ విషయంలో పిల్లవాడి పేచీయే గెలిచింది.

ఇంతా చెప్పి, ట్రిమ్మరు కొనడం తప్పు అంటున్నానా? లేదు. మొటిమలు ఎక్కువున్న పిల్లలకి అదే మేలు. పొద్దున్నే బస్సు అందుకోవాల్సినవాడికి అదే మేలు. కోసుకుంటేనే మనిషి మగాడవుతాడన్న వెర్రి మాట నేను ఒప్పుకోను. రక్తం ఎవరికీ ఏ పాఠమూ చెప్పదు. సులువుదారిని ఎవరు ఎంచుకున్నారన్నది మాత్రం చూడాలి. వాడంతట వాడు ఇది చాలనుకుంటే అది వాడి ఇష్టం. మన భయం కొద్దీ, ఆ భయాన్ని వాడి క్షేమం అని పేరు పెట్టి, వాడికి ఎంచిపెడితే అది వేరు. అప్పుడు మనం వాడి చెంపకి కాదు, మన గుండెకి కంచె వేసుకుంటున్నాం. వేసుకోవద్దని అనే ధైర్యం నాకు లేదు, ముఖ్యంగా మా చెల్లెలితో. కానీ ఆ కంచె ఎవరిదో తెలిసి వేసుకోమని చెప్పగలను. అదే చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. "సరే, చెంపలు మాత్రమేనని వాడిచేత ఒట్టేయించుకుంటాను" అంది చివరికి. తల్లి మనసు అంతకంటే సందు ఇవ్వలేదు. మిల్లీమీటరులో ఏ కొద్ది భాగమో!

మరొక భద్రత ఉంది. దాన్ని గురించి ఏ పెట్టె మీదా రాసి ఉండదు. వాడేసిన బ్లేడు ఏం చేయాలి? జిలెట్ బ్లేడు కనిపెట్టక ముందు సీసామూతల కంపెనీలో పనిచేసేవాడు. వాడి పారేసే వస్తువేదైనా కనిపెట్టు, జనం మళ్ళీ మళ్ళీ కొంటారు అని అక్కడి పెద్దాయన సలహా ఇచ్చాడని చెబుతారు. తమాషా ఏమిటంటే, పోటీ వ్యాపారమే ప్రపంచానికి చేటు, అది పోవాలి అని 1894లో పుస్తకం రాసినవాడూ ఈ జిలెట్టే. ఆయన కలలు గన్న సమాజం రాలేదు, పారేసే బ్లేడు మాత్రం లోకమంతా నిండింది. అమెరికాలో ఒకప్పుడు స్నానాలగదిలో అద్దం బీరువా వెనక చిన్న చీలిక పెట్టేవారు. వాడిన బ్లేడు అందులో వేస్తే గోడ లోపలికి పడిపోయేది. ఇల్లు పడగొట్టిన రోజు ఆ గుట్ట ఎవరి కాళ్ళ మీద పడుతుందో ఎవరూ ఆలోచించలేదు.

మా చిన్నప్పుడు నాన్న వాడేసిన బ్లేడు వృథా అయ్యేది కాదు. ఒకటి అమ్మ కుట్టుమిషను సొరుగులోకి, కుట్లు విప్పడానికి. ఒకటి మా పెన్సిళ్ళు చెక్కడానికి. ఇప్పుడు ఆ అవసరాలు పోయాయి. బ్లేడు నేరుగా చెత్తబుట్టలోకి పోతోంది. ఆ బుట్టని పొద్దున్నే మునిసిపాలిటీ మనిషి తీసుకుంటుంది. చాలాసార్లు వట్టి చేతులతోనే తడి చెత్త, పొడి చెత్త వేరుచేస్తుంది. మన వాడి చెంప కోసం ఇంత మథనపడి, ఆమె వేళ్ళ సంగతి మరిచిపోతే ఆ భద్రతకి అర్థమేముంది? ఒక రేకు డబ్బా మూతకి బ్లేడు పట్టేంత చీలిక చేసి, అందులో వేయాలి. అది నిండడానికి ఏళ్ళు పడుతుంది. నిండాక మూతకి టేపు చుట్టి, పైన 'బ్లేళ్ళు' అని పెద్ద అక్షరాలతో రాసి, చేతికి ఇచ్చి చెప్పాలి. పిల్లవాడి సామానులో నేను చేర్చిన వస్తువు ఇదొక్కటే. వాడి పెద్దమ్మ కానుక, ఒక ఖాళీ టీపొడి డబ్బా.

కనక, తల్లులారా, మీ పిల్లవాడు రేపో మాపో అద్దం ముందు చేరి చెంప తడుముకుంటూ ఉంటే కంగారు పడకండి. ఆడపిల్ల మొదటిసారి స్కూటరు తాళాలు అడిగినా, పొయ్యి ముందుకి వచ్చినా, ఒంటరిగా రైలెక్కుతానన్నా లెక్క ఇదే. పదును తీసేసి ఇవ్వకండి. పనికిరాని కత్తితో పని నేర్చుకోలేరు. పదునంతా ఒక్కసారే ఇవ్వకండి. కాస్త బయటికి ఉంచి, కాస్త లోపల ఉంచి, మొదట చెంపలు చాలులే అని చెప్పండి. తర్వాత తలుపు దగ్గరగా వేసి, వంటింట్లోకి వెళ్ళి మీ పని మీరు చూసుకోండి. చెవి మాత్రం అటే ఉంటుంది, ఉండనీండి. దాన్ని ఎవరూ తప్పుపట్టరు.